మిద్దె మీది పాత సోలార్ హీటర్ మార్చేముందు: బోరు నీళ్ల ఊళ్లో ఏది నిలబడుతుంది, ఎలా పెట్టించాలి

మీరు రాసింది చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఇల్లు తిరుపతి ఎమ్మార్ పల్లిలో, రెండంతస్తులు, ఇంట్లో ఆరుగురు. మిద్దె మీద 200 లీటర్ల ఫ్లాట్ ప్లేట్ సోలార్ హీటర్ (అద్దం కింద రాగి గొట్టాలున్న పలకల రకం), రెండు ప్యానళ్లు, పెట్టించి పన్నెండేళ్లు దాటింది. ట్యాంకు పొట్ట కింద చుక్కలు పడుతున్నాయి, వేడి కొళాయి సన్నగా వస్తోంది, మిట్టమధ్యాహ్నం కూడా గోరువెచ్చనే. బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు రెండూ సంపులో కలుస్తాయి. ఒక డీలరు 300 లీటర్ల గాజు ట్యూబుల హీటర్ వేద్దామన్నాడు, ఇంకొకరు హీట్ పంప్ (గాలిలోని వేడిని కరెంటుతో లాగి నీళ్లకు ఎక్కించే యంత్రం) అన్నారు, ప్లంబరేమో యాసిడ్ పోసి కడిగితే ఇంకో ఐదేళ్లు నడుస్తుందన్నాడు. ఎవరి మాట వినాలి, మార్పిస్తే ఏమేం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ట్యాంకు మార్చాల్సిందే. కానీ ఇవాళ ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. మీ హీటరును పాడుచేసింది దాని వయసు కంటే ఎక్కువగా మీ నీళ్లు. ఆ నీళ్ల సంగతి తేల్చకుండా కొత్తది పెడితే కొన్నేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు.

కారేది లోపలి ట్యాంకేనని ఎలా తెలుస్తుందంటే, ముందు పైపు జాయింట్లు, హీటర్ ఎలిమెంట్ బిగించిన ఫ్లాంజి, డ్రెయిన్ వాల్వు పొడిగుడ్డతో తుడిచి గంట తర్వాత చేత్తో తడిమి చూడండి. అవి పొడిగా ఉండి, బయటి రేకు డొప్ప అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచో, రేకు అతుకు నుంచో చుక్కలు పడుతుంటే లోపలి ట్యాంకు చిల్లుపడినట్టే. మధ్యలో వేడి పోకుండా నింపిన పఫ్ అనే నురగ అప్పటికే నీళ్లు పీల్చుకుని ఉంటుంది. తడిసిన పఫ్ వేడిని ఆపదు. రాత్రికి రాత్రే నీళ్లు చల్లారిపోవడానికి అదే కారణం. కొందరు రేకు కోసి, పఫ్ తవ్వి, వెల్డింగ్ పెడతామంటారు. పెట్టిన చోట ఆగుతుంది, పక్కన ఇంకోచోట మొదలవుతుంది. ఆ పనికి డబ్బు పెట్టొద్దు.

ప్యానళ్ల కథ వేరే. రెండు చదరపు మీటర్ల ప్యానల్‌లో సాధారణంగా తొమ్మిది వరకు సన్నని రాగి గొట్టాలు నిలువుగా ఉంటాయి, ఒక్కోటీ సుమారు అర అంగుళం. అన్నీ బాగుంటే ప్యానల్ మొత్తం రెండు నుంచి రెండున్నర లీటర్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది. యూనియన్లు విప్పి, ప్యానల్ నింపి, మళ్లీ బకెట్లోకి వంచి కొలవండి. లీటరు, లీటరుంపావు మాత్రమే వస్తే గొట్టాలు సగం ఉప్పు పట్టి మూసుకున్నట్టు లెక్క. మధ్యాహ్నం గోరువెచ్చనే రావడం, ట్యాంకు కారడం రెండూ ఒకే నీళ్లు చేసిన రెండు పనులు.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే కొనే వస్తువు దాన్నిబట్టే ఉంటుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడెక్కగానే విడిపోయి కాల్షియం కార్బనేట్ అవుతుంది, అంటే గోడలకు అంటుకునే తెల్లటి పెచ్చు. 60 డిగ్రీలు దాటితే ఇది జోరందుకుంటుంది. నీటి కఠినత్వం లీటరుకు 500 మిల్లీగ్రాములు అనుకుందాం, రోజుకు 200 లీటర్లు వాడతారు. అంటే రోజూ 100 గ్రాముల ఉప్పు ఆ హీటర్లోంచి పోతోంది. అందులో పదో వంతు మాత్రమే లోపల అంటుకున్నా ఏడాదికి మూడున్నర కిలోలు దాటుతుంది. సన్నని రాగి గొట్టాల్లో మూడున్నర కిలోల సున్నం ఎక్కడ పడుతుంది?

ట్యాంకుకు చిల్లు పెట్టేది మాత్రం ఈ సున్నం కాదు, క్లోరైడ్. మామూలుగా ఇచ్చే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చల్లటి నీళ్లలో గట్టిదే. వేడి నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే వెల్డింగ్ అతుకుల దగ్గర సూదిమొనంత గుంటలు మొదలై ఆరపార పోతాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ 250 మిల్లీగ్రాముల వరకు ఇబ్బంది లేదు. వేడి స్టీలు ట్యాంకుకు అది ఎక్కువే. తాగడానికి పనికొచ్చే నీళ్లు ట్యాంకుకు పనికొస్తాయని అనుకోవద్దు.

కాబట్టి మొదటి పని పరీక్ష. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ చాలదు. అది మొత్తం కరిగినవి ఎన్నో చెప్తుంది గానీ అందులో సున్నమెంత, క్లోరైడ్ ఎంత అన్నది చెప్పదు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) నీటి పరీక్ష ల్యాబులో గానీ ప్రైవేటు ల్యాబులో గానీ నాలుగు అంకెలు అడగండి: మొత్తం కఠినత్వం, ఆల్కలినిటీ (బైకార్బనేట్ ఎంతుందో చెప్పేది), క్లోరైడ్, టీడీఎస్. రెండు సీసాలు ఇవ్వండి. ఒకటి నేరుగా బోరు నుంచి, మోటారు ఐదు నిమిషాలు ఆడాక పట్టింది. రెండోది మున్సిపాలిటీ కొళాయి వదిలినప్పుడు సంపులో పడకముందే పట్టింది. సంపు నీళ్లు పట్టి ఇస్తే ఏ పాపం ఎవరిదో తెలియదు.

తిరుపతిలో మీకున్న పెద్ద వెసులుబాటు ఈ రెండో సీసానే. మున్సిపాలిటీ ఇచ్చేది కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు, అంటే చెరువు, నది నీళ్లు. ఇవి సాధారణంగా బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. మీ ఇంట్లో రెంటినీ సంపులో కలిపేసి ఆ మేలు పోగొట్టుకుంటున్నారు. నేనైతే చేయించేది ఇది: బోరు మోటారు నేరుగా మిద్దె మీది పెద్ద ట్యాంకుకే ఎక్కాలి, సంపులో మున్సిపాలిటీ నీళ్లే ఉండాలి, సోలారుకు విడిగా 300 నుంచి 500 లీటర్ల చిన్న చల్లనీళ్ల ట్యాంకు పెట్టి దానికి సంపు నీళ్లే ఎక్కించాలి. సంపు మోటారు పైపుకు పైన ఒక టీ, రెండు బాల్ వాల్వులు చాలు. మున్సిపాలిటీ నీళ్లు రాని రోజుల్లో కూడా రోజుకు 200 లీటర్ల వాడకానికి 500 లీటర్ల ట్యాంకు రెండు రోజులు ఆదుకుంటుంది. ఎంత ఖరీదైన హీటర్ కొన్నా ఈ చిన్న మార్పు చేసేంత మేలు చేయదు.

రిపోర్టు వచ్చాక ఎంపిక. సోలారులోకి పోయే నీటి కఠినత్వం 200 లోపు, క్లోరైడ్ వంద లోపు ఉంటే మామూలు ట్యూబుల హీటర్, అంటే ఈటీసీ, స్టీలు ట్యాంకుతో తీసుకోండి, బాధ లేదు. కఠినత్వం 200 నుంచి 500 మధ్య ఉన్నా, క్లోరైడ్ ఎక్కువున్నా ట్యూబులే తీసుకోండి గానీ ట్యాంకు మాత్రం లోపల గాజుపూత ఉన్నది, ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం యానోడ్ కడ్డీతో ఉన్నది అడగండి. క్లోరైడ్‌ను 304 కంటే బాగా తట్టుకునే 316ఎల్ స్టీలు కూడా మంచిదే, అయితే బిల్లు మీద ‘316ఎల్’ అని రాయించుకోవాలి, నోటిమాట కుదరదు. 500 దాటితే రెండు దారులు. ఒకటి, వేడి నీళ్ల వరకు మాత్రమే నీటిలోని సున్నం తీసే సాఫ్ట్‌నర్. రెండు, హీట్ ఎక్స్‌ఛేంజర్ రకం సోలార్. ఈ రెండోదాంట్లో ప్యానళ్లలో ఎప్పుడూ అవే నీళ్లు మూసిన దారిలో తిరుగుతుంటాయి, మీరు వాడే నీళ్లు ట్యాంకు దాటి ప్యానల్లోకి పోవు. అందుకని ప్యానల్ మూసుకుపోదు. ఈ అంకెలు నా అనుభవపు హద్దులు. మీరు కొనే కంపెనీ వారంటీ కార్డులో ఇంకా తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి.

సాఫ్ట్‌నర్ లెక్క కూడా చెప్తాను, దుకాణంలో చెప్పరు. పది లీటర్ల రెసిన్ (సున్నాన్ని పట్టుకునే సన్నని పూసలు) ఉన్నది ఒక విడతలో దాదాపు 500 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుంది. 500 పీపీఎం (లీటరుకు 500 మిల్లీగ్రాములు) నీళ్లకు అది వెయ్యి లీటర్లు, అంటే మీకు ఐదు రోజులు. ఐదు రోజులకోసారి కిలోన్నర ఉప్పు నీళ్లలో కలిపి రెసిన్ కడగాలి. కడిగే ఓపిక ఉంటేనే కొనండి. కడగని సాఫ్ట్‌నర్ వట్టి పైపు ముక్క. ఇంకో సంగతి, అది సున్నాన్ని తీస్తుంది, క్లోరైడ్‌ను తీయదు. కాబట్టి సాఫ్ట్‌నర్ పెట్టినా ట్యాంకు విషయంలో పైన చెప్పిందే. పైపు చుట్టూ అయస్కాంతం కట్టి ఉప్పు పట్టదనే పరికరాలను నమ్మి డబ్బు పెట్టకండి.

ఫ్లాట్ ప్లేట్‌కు బదులు ట్యూబులే ఎందుకంటున్నానంటే, 58 మి.మీ. ట్యూబు లోపలి రంధ్రం 44 మి.మీ. దాకా ఉంటుంది. పెచ్చు అడుగున పేరుకున్నా దారి మూసుకోవడానికి చాలా కాలం పడుతుంది. పైగా ఒక ట్యూబు పోతే ఒక్కటే మార్చుకోవచ్చు. దాని బలహీనత గాజు కావడం. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ పక్క ఇళ్లలో కోతుల బెడద ఎక్కువ. అక్కడివాళ్లు ట్యూబుల మీద కనీసం జానెడు ఎత్తులో పెద్ద కన్నుల వెల్డ్ మెష్ పెట్టించుకోవాలి. ఎండ కొంత తగ్గినా పగిలిన గాజుకంటే నయం. మీ పాత ప్యానళ్లు నీళ్ల కొలతలో నెగ్గితే, కొత్త ట్యాంకు ఒక్కటి కొని హీట్ ఎక్స్‌ఛేంజర్ పద్ధతిలో వాటినే వాడుకోవచ్చు. ఆ రకం డీలరు దొరికితే ఇది అన్నిటికంటే మీకు చవకైన దారి.

300 లీటర్లు వద్దు. ఆరుగురికి 200 చాలు. ఒకరి స్నానానికి రెండు బకెట్లు, 40 లీటర్లు, 40 డిగ్రీల వేడి అనుకోండి. ట్యాంకులో 60 డిగ్రీలు, కొళాయి నీళ్లు 28 డిగ్రీలు ఉంటే అందులో వేడి నీళ్ల వాటా 15 లీటర్లే. ఆరుగురికి 90. మబ్బు రోజున ట్యాంకు 45 డిగ్రీలకే ఆగి, చల్లనీళ్లు 25 ఉంటే ఒక్కొక్కరికి 30 లీటర్లు, మొత్తం 180. అప్పుడు కూడా సరిపోతుంది. మన దగ్గర పెద్ద హీటరుతో నష్టం ఏప్రిల్, మే నెలల్లో తెలుస్తుంది. వాడకం తగ్గుతుంది, ఎండ పెరుగుతుంది, ట్యాంకులో నీళ్లు 90 డిగ్రీలు దాటుతాయి. అక్కర్లేని ఆ వేడిలోనే ఏడాదంతటి సున్నం వేగంగా దిగుతుంది. మూడు చదరపు మీటర్ల కలెక్టరు (హీటరులో ఎండను పట్టే భాగం), రోజుకు చదరపు మీటరుకు ఐదు యూనిట్లకు పైబడిన ఎండ, అందులో సగం పట్టుకున్నా ఎనిమిది యూనిట్ల వేడి వస్తుంది. 200 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి కావలసింది సరిగ్గా అంతే.

హీట్ పంప్ చెడ్డదేం కాదు. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, తిరుపతి వాతావరణం దానికి బాగా సరిపోతుంది. మిద్దె మీద హక్కు లేని అపార్టుమెంటువాళ్లకు, పక్క బిల్డింగు నీడ పడే ఇళ్లకు నేను అదే చెప్తాను. మీకు ఎండ పడే మిద్దె, స్టాండు ఉన్నాయి కాబట్టి ఆ ఖర్చు అక్కర్లేదు.

ప్లంబరు చెప్పిన యాసిడ్ మాట. బాత్రూం కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, స్టీలు ట్యాంకులో పోయనివ్వకండి. దాంట్లోనే క్లోరైడ్ ఉంది. సున్నంతో పాటు స్టీలును కూడా తింటుంది. చుక్కలు పడే ట్యాంకు ధారగా కారడం మొదలవుతుంది. సున్నం కరిగించాలంటే లీటరుకు 50 గ్రాముల చొప్పున సిట్రిక్ యాసిడ్, లేదా స్టీలు, రాగి వాటికి సల్ఫామిక్ యాసిడ్. గాజుపూత ట్యాంకులకు సిట్రిక్ మాత్రమే. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి.

ఇక పెట్టే విషయం. సగం ఫిర్యాదులు హీటరు లోపంవల్ల రావు, ఎత్తుల తేడావల్ల వస్తాయి. ప్రెజర్ లేని మామూలు సోలారుకు నీళ్లు తమ బరువుతోనే రావాలి. అందుకని చల్లనీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కంటే కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే పై ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వేడి నీళ్లు వస్తాయి, సగానికి దిగగానే ఆగిపోతాయి. ఫ్లాట్ ప్లేట్ ట్యాంకు ప్యానళ్ల కంటే ఎత్తున కూర్చుంటుంది కాబట్టి మీ పాత స్టాండు ఏడెనిమిది అడుగులు ఉండి ఉంటుంది. ట్యూబుల హీటరుకు ఐదారు అడుగులు చాలు. కొత్తదాని ట్యాంకు పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో వస్తుందో డీలరు చేత కాగితం మీద రాయించుకుని, టేపుతో మీరే కొలిచి చూడండి.

సోలార్ ట్యాంకు నెత్తిన ఉండే గాలి గొట్టం చల్లనీళ్ల ట్యాంకు నిండు మట్టం కంటే కనీసం ఒక అడుగు పైకి పోవాలి. పొట్టిగా ఉంటే రోజూ వేడి నీళ్లు అందులోంచి పొర్లి మిద్దె మీద పోతాయి. కారుతోంది కదా అని ఎవరైనా దానికి బిరడా బిగిస్తే ప్రమాదం. మధ్యాహ్నం ఆవిరి పోవడానికి దారి లేక ట్యాంకు ఉబ్బి అతుకు విడుతుంది. నీళ్లు ఖాళీ అయ్యేటప్పుడు గాలి లోపలికి రాక ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది. ఆ గొట్టం కొనను కిందికి వంచి, తెరిచే ఉంచాలి. అది జీఐ (జింకు పూత ఇనుము) గానీ సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్) గానీ అవ్వాలి, తెల్ల పీవీసీ మెత్తబడి వంగిపోతుంది.

చల్లనీళ్లు సోలారులోకి పోయే దారిలో ఒక బాల్ వాల్వు, నీళ్లను వెనక్కి పోనివ్వని ఒక నాన్‌రిటర్న్ వాల్వు, ట్యాంకు చేరేముందు ఒక అడుగు కిందికి దిగి మళ్లీ ఎక్కే యు వంపు పెట్టించండి. ఇవి లేకపోతే రాత్రి వేడి నీళ్లు వెనక్కి పోయి ప్లాస్టిక్ ట్యాంకును మెత్తబరుస్తాయి, పొద్దున మీకు వేడి ఉండదు.

ఇంట్లో ప్రెజర్ పంపు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ మాట ముఖ్యం. చల్లనీళ్ల లైనుకు పంపు ఒత్తిడి, వేడి లైనుకు బరువు ఒత్తిడి అయితే బాత్రూం మిక్సర్‌లో చల్లనీళ్లు వేడి పైపులోకి ఎదురెక్కి, పైన గాలి గొట్టంలోంచి పొర్లుతాయి. కిందివాళ్లు హీటరు పనిచేయడం లేదంటారు, పైన నీళ్లు వృథాగా పోతుంటాయి. ప్రతి మిక్సర్ వేడి దారికి నాన్‌రిటర్న్ వాల్వు పెడితే తగ్గుతుంది. సరైన మందు మాత్రం ప్రెజర్ తట్టుకునే రకం హీటరు కొని, దానికి సేఫ్టీ వాల్వు పెట్టడం. మామూలు హీటరును పంపు లైనుకు తగిలిస్తే అతుకులు విడిపోతాయి.

కొత్తది తెచ్చి పాత జీఐ పైపుకే కలిపితే కొళాయి సన్నగానే వస్తుంది. పని మొదలయ్యే రోజు ఆ పైపులో ఒక వంపు కోయించి రంధ్రం చూడండి. ముప్పావు అంగుళం పైపులో పెన్సిల్ పట్టేంత దారే మిగిలి ఉంటే మొత్తం మార్చాలి. హీటరు నుంచి మొదటి మీటరు, మీటరున్నర జీఐ, ఆ తర్వాత ఐఎస్ 15778 ముద్ర ఉన్న సీపీవీసీ, గోడ మందం ఎస్‌డీఆర్ 11. మేలో ట్యాంకు దగ్గర 90 డిగ్రీలు దాటే నీళ్లను సీపీవీసీకి నేరుగా తగిలించడం దాని హద్దు మీద పని చేయించడమే. మరలు ఉన్నచోట ఇత్తడి అడాప్టర్లు వాడాలి, ప్లాస్టిక్ మరలు వేడికి సాగుతాయి. గమ్ము సీపీవీసీదే కావాలి. అతికాక 24 గంటలు వేడి నీళ్లు వదలొద్దు. పది మీటర్ల సీపీవీసీ 50 డిగ్రీలు వేడెక్కితే మూడు సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది, అందుకని పొడుగాటి వరుసలో ఒక పక్క వంపు వదిలి, క్లాంపులు పైపును నలిపేలా బిగించకూడదు. బయట ఉన్న పైపంతా 13 మి.మీ. నైట్రైల్ ఫోమ్, దాని మీద ఎండ తట్టుకునే టేపు లేదా అల్యూమినియం చుట్టు. ఫోము ఊరికే వదిలేస్తే రెండు ఎండాకాలాల్లో పొడిపొడి అవుతుంది. ముప్పావు అంగుళం పైపు మీటరుకు పావు లీటరు నీళ్లు పడుతుంది. బాత్రూం 15 మీటర్ల దూరంలో ఉంటే పొద్దున మొదటి నాలుగు లీటర్లు చల్లగానే వస్తాయి, అది లోపం కాదు.

విప్పే రోజు. ముందు రోజు సాయంత్రం చల్లనీళ్ల వాల్వు కట్టేయండి, ఎలిమెంట్ ఎంసీబీ దించి వైరు కొసలు టేపు చుట్టండి. పొద్దున సూర్యోదయానికి ముందే డ్రెయిన్ తెరవండి. రాత్రంతా ఉన్నా ఆ నీళ్లు చేయి కాలేంత ఉండొచ్చు, పైపు తగిలించి దూరంగా వదలండి, పిల్లల్ని మిద్దె ఎక్కనివ్వకండి. ఒక్కో ప్యానల్ ముప్పై నలభై కిలోలు ఉంటుంది, ఇద్దరు పట్టుకుని తాడు కట్టి దించాలి. మెట్ల మలుపులో అద్దం తగలకుండా గోనెసంచి చుట్టండి.

నీళ్లతో నిండిన 200 లీటర్ల ట్యూబుల హీటరు బరువు స్టాండుతో కలిపి 300 కిలోలు దాటుతుంది. స్లాబు నడుమ కాకుండా కింద గోడో దూలమో ఉన్న వరుస మీద నిలపండి. స్లాబుకు రంధ్రాలు కొట్టి బోల్టులు దించితే మిద్దె ఉరుస్తుంది. కాంక్రీటు దిమ్మెలు పోయించి, అవి ఆరాక వాటికే యాంకర్ బోల్టులు బిగించాలి. 2021 నవంబరు వానలు, గాలులు చూసిన ఊరు ఇది, బోల్టు లేకుండా బరువు మీద నిలబెట్టడం ఒప్పుకోకండి. ముఖం సరిగ్గా దక్షిణానికి. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, వాలు 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చలికాలపు ఎండ బాగా అందుతుంది. దక్షిణం వైపు మెట్ల గది, నీళ్ల ట్యాంకు వంటి అడ్డు హీటరు కంటే ఎంత ఎత్తుంటే కనీసం అంత దూరం జరపండి. కరెంటు సోలార్ ప్యానళ్లు తర్వాత పెట్టాలనే ఆలోచన ఉంటే ఆ చోటు కూడా ఇప్పుడే గుర్తించి వదలండి.

ట్యూబులు ఎక్కించడం సాయంత్రం పని. ఖాళీ ట్యూబును ఎండలో ఉంచితే లోపలి గాజు 200 డిగ్రీల దాకా పోతుంది. అప్పుడు చల్లనీళ్లు వదిలితే టప్పున పగులుతుంది. కొత్తవి పగిలిన ఇళ్లలో కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ప్రతి ట్యూబు తీసి అడుగున వెండి రంగు మచ్చ చూడండి. అది తెల్లగా పాలిపోయి ఉంటే లోపలి శూన్యం పోయినట్టే, వెనక్కి ఇచ్చేయండి. సిలికాన్ రింగుకు సబ్బునీళ్లు రాసి మెల్లగా తిప్పుతూ దూర్చాలి. గ్రీజు, నూనె పూయనివ్వకండి. అన్నీ కూర్చున్నాక నీళ్లు సన్నగా వదలండి. 58 మి.మీ. వెడల్పు, 1800 మి.మీ. పొడవు ట్యూబు ఒక్కోటీ సుమారు 2.7 లీటర్లు పడుతుంది, అంటే ఇరవై ట్యూబులే 54 లీటర్లు తాగుతాయి. గాలి గొట్టంలోంచి గాలి పోవడం ఆగేదాకా ఓపిక పట్టాలి. ప్రతి రింగు కింద పాత పేపరు ముక్క పెట్టి పొద్దున చూడండి, తడి ఉన్నచోట రింగు మడత పడి ఉంటుంది. మేస్త్రీ డబ్బు తీసుకుని వెళ్లేది ఆ పొద్దున తర్వాతే.

మన దగ్గర సోలారుకు కష్టకాలం చలికాలపు నడుమ కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు. ఆ రోజులకు ట్యాంకులో 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఇస్తారు. అది 200 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి నాలుగు గంటలు, ఎనిమిది యూనిట్లు తీసుకుంటుంది. ఇద్దరే స్నానం చేసే పొద్దుకు కూడా ట్యాంకంతా కాగాలి. నేను చెప్పేది బాత్రూంలో విడిగా 10 లేదా 15 లీటర్ల గీజరు పెట్టి, దాని నీళ్లు విడి కొళాయికి ఇవ్వమని. ట్యాంకు ఎలిమెంటే కావాలంటే 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, నిజంగా పనిచేసే ఎర్తు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. ట్యాంకులో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో మాడుతుంది. చల్లనీళ్ల ట్యాంకు కడిగిన రోజు ఇదే జరుగుతుంది, స్విచ్ మీద కాగితం అంటించండి.

తర్వాతి సంరక్షణ తక్కువే, కానీ మానకూడదు. నెలకోసారి డ్రెయిన్ తెరిచి రెండు బకెట్లు వదిలితే అడుగున ఇంకా గట్టిపడని తెల్లబురద పోతుంది. దుమ్ము కడిగేది తెల్లవారకముందే. యానోడ్ కడ్డీ మొదటి ఏడాది ఆఖర్లో తీసి చూడండి. సగానికి పైగా అరిగి ఉంటే మార్చి, అప్పటి నుంచి అదే గడువు పెట్టుకోండి. టీడీఎస్ ఎక్కువ ఉన్న నీళ్లలో అది త్వరగా కరుగుతుంది, అలా కరగడమే దాని పని. ఏడాదికోసారి రెండు ట్యూబులు తీసి అడుగు చూడండి. నాలుగు వేళ్ల మందాన పెచ్చు ఉంటే మిగతావీ తీసి సిట్రిక్‌లో నానబెట్టాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సగం ట్యూబులకు గోనెపట్టా కప్పండి. వేసవిలో ఊరెళ్తే అన్నిటికీ కప్పి వెళ్లండి.

బిల్లులో హీటరు, స్టాండు, దిమ్మెలు, పైపు మీటర్ల లెక్కన, వాల్వులు, కూలి విడివిడిగా రాయించండి. ‘మొత్తం ఇంత’ అన్నచోటే నాన్‌రిటర్న్ వాల్వు, ఫోము మాయమవుతాయి. వారంటీ కార్డులో ఉప్పునీళ్ల షరతు ఎన్ని పీపీఎం దగ్గర ఉందో చదివి, మీ ల్యాబు రిపోర్టు దానికే జతచేసి దాచండి. ట్యూబుల హీటరుకు ఐఎస్ 16544, ఫ్లాట్ ప్లేట్‌కు ఐఎస్ 12933 ముద్ర చూడండి. సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. నీళ్ల సోలారుకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కరెంటు ప్యానళ్లకే వర్తిస్తుంది.

పాత ప్యానళ్లు వాడుకోకపోతే వాటిని ‘ఎక్స్‌ఛేంజి’ పేరుతో ఊరికే ఇచ్చేయకండి. అద్దం కింద ఉన్న గొట్టాలు, చాలావాటిలో రేకులు కూడా, రాగివి. చట్రం అల్యూమినియం. డీలరు తగ్గిస్తానన్న మొత్తం ఒక పక్క రాసుకుని, పాత సామాను కొనేవాళ్ల దగ్గర రాగి, అల్యూమినియం విడిగా తూకం వేయించి ధర అడగండి. ఏది ఎక్కువైతే దానికే ఇవ్వండి.